వాషింగ్టనా, జెఫర్సనా? యుద్ధకాలపు జ్ఞాపకాల్లో ముందుగా ఏది చదవాలి

అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని కళ్లారా చూసినవాళ్లు రాసిన పుస్తకం ఏదైనా చెప్పమని అడిగితే, చాలామంది నోట ముందుగా వచ్చేది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ. చాలా మంచి పుస్తకం, అందులో సందేహం లేదు. కానీ ఆ కథ 1750ల చివర్లో, ఫ్రాంక్లిన్ లండన్ చేరుకున్న రోజుల దగ్గరే ఆగిపోతుంది. యుద్ధం మొదలైంది 1775లో. యుద్ధం కోసమే అయితే ఆ పుస్తకం కొనక్కర్లేదు.

ప్రశ్నను కొంచెం కుదించుకుందాం. యుద్ధంలో నాయకుడు ఎలా నడుచుకున్నాడో చూడాలి, అదీ ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. దానికి జార్జ్ వాషింగ్టన్, థామస్ జెఫర్సన్ సరైన జంట. ఇద్దరిదీ వర్జీనియానే. ఇద్దరూ బానిసలతో పొలాలు చేయించిన పెద్ద భూస్వాములు. ఇద్దరూ తర్వాత అధ్యక్షులయ్యారు. యుద్ధంలో మాత్రం ఎవరి పని వారిది. వాషింగ్టన్ 1775 నుంచి 1783 దాకా సైన్యాన్ని నడిపారు. జెఫర్సన్ 1779 జూన్ నుంచి రెండేళ్లు వర్జీనియా గవర్నర్‌గా ఉన్నారు. ఆ రెండో ఏడాదిలోనే బ్రిటిష్ సైన్యం వర్జీనియా మీద విరుచుకుపడింది.

చిక్కేమిటంటే, మనకు కావలసిన పుస్తకం ఈ ఇద్దరిలో ఎవరూ రాయలేదు. ఒకరు ఆత్మకథ జోలికే పోలేదు. ఇంకొకరు రాశారు గానీ ఆ రెండేళ్లనూ దాటేశారు. అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను: నాయకుల సొంత రాతలతో మొదలుపెట్టకండి. వాళ్ల నిర్ణయాల ఫలితాన్ని ఒంటి మీద అనుభవించిన ఇద్దరి జ్ఞాపకాలు మనకు మిగిలాయి. ఒకరు వాషింగ్టన్ సైన్యంలో మామూలు సిపాయి. ఇంకొకరు జెఫర్సన్ ఇంట్లో బానిసగా పుట్టిన పిల్లవాడు. ఆ రెండూ చదివాక నాయకుల దగ్గరకు వస్తే, వాళ్లు చెప్పిందీ చెప్పకుండా వదిలేసిందీ రెండూ తెలుస్తాయి.

నాయకులు ఏం రాశారు, ఏం వదిలేశారు

తన జీవితకథ గురించి వాషింగ్టన్ ఆలోచన ఏమిటో 1784లో స్నేహితుడు డాక్టర్ జేమ్స్ క్రెయిక్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. యుద్ధ చరిత్రలో భాగంగా కాకుండా విడిగా తన కథ అంటూ వస్తే, బతికుండగా అది తన మనసును నొప్పిస్తుందే తప్ప గర్వం కలిగించదని అన్నారు. డైరీ రాసే అలవాటు ఉన్న మనిషే. కానీ సైన్యాధిపతి అయిన 1775 జూన్‌లో ఆ డైరీ ఆగిపోయింది. 1780లో కొన్ని నెలలు వాతావరణం గురించి రాసుకున్నారు, అంతే. మళ్లీ సరిగ్గా పట్టుకున్నది 1781 మేలో. యుద్ధం మొదటి నుంచీ రాసి ఉండాల్సిందని అప్పుడు అందులోనే విచారపడ్డారు. ఆయన ఉత్తరాలు వేలల్లో ఉన్నాయి, చదివితే మనిషి బాగా అర్థమవుతాడు. అయితే ముందు కథ తెలిసి ఉంటేనే ఆ ఉత్తరాలు రుచిస్తాయి.

జెఫర్సన్ 1821 జనవరిలో, 77 ఏళ్ల వయసులో తన గురించి రాయడం మొదలుపెట్టారు. చిన్న పుస్తకమే. 1790 మార్చిలో న్యూయార్క్ చేరడంతో ముగిసిపోతుంది. స్వాతంత్ర్య ప్రకటనకు తాను రాసిన ముసాయిదా అంతా ఇందులో ఉంది. కాంగ్రెస్ ఏ వాక్యాలు కొట్టేసిందో, ఏవి చేర్చిందో గుర్తులు పెట్టి మరీ చూపించారు. ఆ పేజీల కోసమైనా ఈ పుస్తకం దగ్గర ఉంచుకోవాలి. కానీ గవర్నర్‌గా పనిచేసిన కాలం వచ్చేసరికి, ఆ రెండేళ్ల సొంత కథ రాయడమంటే వర్జీనియాలో జరిగిన విప్లవ చరిత్ర రాయడమేనని, ఆ పని వేరొకరు చేశారని చెప్పి, పాఠకుణ్ని ఆ చరిత్ర పుస్తకానికి పంపేశారు. పదవి ఎందుకు వదిలారో మాత్రం చెప్పారు: శత్రువు మీదికి వచ్చిన వేళ జనానికి సైనిక నాయకుడి మీదే ఎక్కువ నమ్మకం ఉంటుందని, సైన్యమూ పాలనా ఒకే చేతిలో ఉంటే పని చురుగ్గా సాగుతుందని. అంతటితో సరి. తన గురించి మాట్లాడి మాట్లాడి అప్పుడే అలసిపోయానని ఇంకోచోట రాసుకున్నారు.

అదే పుస్తకంలో వాషింగ్టన్ గురించి ఒక మాట ఉంది, నాకు చాలా ఇష్టం. వర్జీనియా శాసనసభలో వాషింగ్టన్‌తో, కాంగ్రెస్‌లో ఫ్రాంక్లిన్‌తో కలిసి పనిచేశానని, వాళ్లిద్దరూ ఎప్పుడూ పది నిమిషాలకు మించి మాట్లాడగా వినలేదని, మాట్లాడినా అసలు విషయం దాటి పోలేదని అంటారు. వాషింగ్టన్ తన గురించి రాసుకోలేదు గానీ, జెఫర్సన్ రాసిన ఆ ఒక్క మాటలో మనిషి దొరుకుతాడు.

జెఫర్సన్ దాటేసిన రోజులు

పుస్తకంలో లేని ఆ కథ తెలియకపోతే పోలిక కుదరదు. అందుకని కాస్త వివరంగా చెప్తాను.

1780 డిసెంబర్ 31న, సముద్రం వైపు ఓడలు కనిపించాయని వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో ఉన్న జెఫర్సన్‌కు కబురు వచ్చింది. అవి ఎవరివో తెలియదు. జనరల్ నెల్సన్‌ను తీరానికి పంపారు గానీ, మిలీషియాను పెద్ద ఎత్తున రమ్మనడానికి జనవరి 2 దాకా ఆగారు. మిలీషియా అంటే పొలం పనులు మానుకుని తుపాకీ పట్టుకొచ్చే ఊరి జనం. ఉత్తి పుకారుకు వాళ్లను పరుగులు పెట్టించడం ఆయనకు ఇష్టం లేదు. ఆ ఓడల్లో వచ్చింది బెనెడిక్ట్ ఆర్నాల్డ్. అంతకు కొద్ది నెలల ముందే అమెరికా సైన్యానికి ద్రోహం చేసి బ్రిటిష్ పక్షాన చేరిన జనరల్. జనవరి 5న సుమారు 900 మందితో రిచ్‌మండ్‌లోకి నడిచొచ్చాడు. అడ్డుకున్నవాళ్లు లేరనే చెప్పాలి. దగ్గర్లోని ఫిరంగుల కార్ఖానాను తగలబెట్టారు. ఆ రోజుల్లో జెఫర్సన్ గుర్రం దిగకుండా, ఆయుధాలను, దస్తావేజులను జేమ్స్ నది అవతలికి చేరవేయించే పనిలో ఉన్నారు.

జూన్‌లో ఇంకో దెబ్బ. అప్పటికి శాసనసభ షార్లెట్స్‌విల్‌కు మారింది. టార్ల్‌టన్ అనే బ్రిటిష్ అధికారి అశ్వికులతో అటు దూసుకొస్తుంటే, జాక్ జూయెట్ అనే వర్జీనియా వాసి రాత్రంతా దాదాపు 40 మైళ్లు అడ్డదారుల్లో స్వారీ చేసి జూన్ 4 తెల్లవారకముందే జెఫర్సన్ ఇల్లు ఉన్న కొండ మాంటిచెల్లో చేరి హెచ్చరించాడు. సైనికులు కొండెక్కుతుండగా జెఫర్సన్ తప్పించుకున్నారు. ఆయన పదవీకాలం జూన్ 2తోనే ముగిసింది. కొత్త గవర్నర్‌ను ఎన్నుకున్నది జూన్ 12న. అంటే యుద్ధం నడుమ వర్జీనియాకు పదిరోజులు గవర్నరే లేడు. శాసనసభ విచారణకు తీర్మానం చేసింది. డిసెంబర్‌లో ఆరోపణలు వీగిపోయి, సభ ఆయనకు కృతజ్ఞతలు చెప్పింది. అయినా గాయం మానలేదు. తన మనసుకు తగిలిన ఈ దెబ్బ సమాధిలోనే నయమవుతుందని 1782 మేలో మిత్రుడు జేమ్స్ మన్రోకు రాశారు. నలభై ఏళ్ల తర్వాత ఆత్మకథలో ఆ కాలాన్ని ఎందుకు దాటేశారో ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

పిరికివాడని శత్రువులు తర్వాత ఎన్నికల్లో ప్రచారం చేశారు. ఆ మాట అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పట్టుకోవడానికి సైన్యం వస్తుంటే తప్పించుకోవడం గవర్నర్ చేయాల్సిన పనే. పైగా వర్జీనియా చట్టం ప్రకారం సలహా మండలి లేకుండా గవర్నర్ పెద్ద నిర్ణయాలు తీసుకోలేడు. వర్జీనియా సొంత రెజిమెంట్లు చాలావరకు 1780 మేలో చార్ల్‌స్టన్ పతనంతో బందీలయ్యాయి. కానీ డిసెంబర్ 31 తర్వాత ఆ రెండు రోజుల జాప్యం ఆయన తప్పే. సరైన సమాచారం చేతికొచ్చాకే కదలాలనుకునే బుద్ధి, పుస్తకాల గదిలో గొప్ప గుణం. యుద్ధంలో దానికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

వాషింగ్టన్‌ది వేరే తరహా. 1776 చివర్లో కాంగ్రెస్ ఆరు నెలలపాటు ఆయనకు అసాధారణ అధికారాలు కట్టబెట్టింది. వాటిని ఆచితూచి వాడారు. ఆయనా చాలాసార్లు ఓడారు. న్యూయార్క్ పోయింది, ఫిలడెల్ఫియా పోయింది. అయినా ఒక్క విషయంలో పట్టు వదల్లేదు: సైన్యం చెదిరిపోకూడదు. 1781 ఏప్రిల్‌లో బ్రిటిష్ యుద్ధనౌక ఒకటి ఆయన సొంత ఇల్లు మౌంట్ వెర్నన్ ముందు ఆగింది. ఇంటి వ్యవహారాలు చూసే బంధువు లండ్ వాషింగ్టన్, ఇల్లు కాపాడుకోవడానికి ఓడవాళ్లకు ఆహారం ఇచ్చాడు. సంగతి తెలిసి వాషింగ్టన్ మండిపడ్డారు. మీరు కాదంటే వాళ్లు ఇల్లు తగలబెట్టారన్న వార్త వచ్చినా నాకు ఇంత బాధ ఉండేది కాదు అని రాశారు. ఆ ఏడాదే, మే 28న, జెఫర్సన్ ఆయనకు ఉత్తరం రాసి, మీరే స్వయంగా వర్జీనియాకు రావాలని వేడుకున్నారు. తనకు లేనిదేదో అవతలి మనిషిలో ఉందని జెఫర్సన్‌కు తెలుసు. అలా అడగగలగడం చిన్న విషయం కాదు.

సిపాయి కళ్లతో వాషింగ్టన్

జోసెఫ్ ప్లమ్ మార్టిన్ 1776లో పదిహేనేళ్ల వయసులో కనెటికట్ దళంలో చేరారు. యుద్ధం అయ్యేదాకా ఉన్నారు. 1830లో, డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డాక, పేరు వేసుకోకుండా తన జ్ఞాపకాలను మెయిన్ రాష్ట్రంలో అచ్చు వేయించారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1962లో మళ్లీ అచ్చయ్యాక గానీ దాని విలువ తెలియలేదు. నన్నడిగితే ఈ యుద్ధం గురించి ముందుగా చదవాల్సింది ఇదే.

ఎందుకంటే ఇందులో ఆకలి ఉంది. 1777 డిసెంబర్‌లో, చలికాలపు విడిది వ్యాలీ ఫోర్జ్‌కు వెళ్లే ముందు, కాంగ్రెస్ దేవుడికి కృతజ్ఞతలు చెప్పే పండుగ జరపమంది. సైనికుడికి ఆ రోజు విందు ఏమిటంటే పావు కప్పు బియ్యం, ఒక టేబుల్‌స్పూన్ వెనిగర్. 1780 మొదట్లో మంచు కమ్ముకున్నప్పుడు నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు కర్రకున్న బెరడు కొరకడం తప్ప నోట్లో మెతుకు పడలేదని రాశారు. కొందరు పాత బూట్లు కాల్చుకుని తిన్నారట. ఆ ఏడాది మేలో కనెటికట్ సైనికులు ఎందుకు తిరగబడ్డారో ఆయన చెప్తుంటే వాళ్లను తప్పుపట్టాలనిపించదు. ఆయన కోపం ఎక్కువగా కాంగ్రెస్ మీద, పట్టించుకోని దేశం మీద.

వాషింగ్టన్ దగ్గరగా కనిపించేది 1781 అక్టోబర్‌లో, వర్జీనియాలోని యార్క్‌టౌన్ ముట్టడిలో. మార్టిన్ అప్పుడు కందకాలు తవ్వే దళంలో ఉన్నారు. చీకటి, వర్షం. ఇంజనీర్లు ఎటో వెళ్లారు, సైనికులు శత్రువుకు చాలా దగ్గరగా ఒంటరిగా మిగిలారు. పొడవాటి కోటు వేసుకున్న మనిషి ఒకాయన ఒక్కడే నడిచొచ్చి, మీరే దళం అని అడిగి, మామూలుగా మాట్లాడి, శత్రువుకు చిక్కితే మీరెవరో చెప్పకండి అని హెచ్చరించి వెళ్లాడు. కాసేపటికి ఇంజనీర్లతో కలిసి తిరిగొచ్చాడు. వాళ్లు ఆయన్ను ‘యువర్ ఎక్సలెన్సీ’ అని పిలిచాక గానీ, ఆయన వాషింగ్టనని వీళ్లకు తెలియలేదు. మర్నాడు రాత్రి ఆయనే వచ్చి గునపంతో నేల మీద నాలుగు దెబ్బలు వేశారు. యార్క్‌టౌన్ ముట్టడిలో తొలి కందకం జనరల్ స్వహస్తాలతో మొదలుపెట్టారని చెప్పుకోవడానికని మార్టిన్ రాశారు. అభిమానంతో పాటు ఆ గమనింపు కూడా ఉండటమే ఈ పుస్తకం గొప్పతనం. కాపలా లేకుండా అంత ముందుకొచ్చిన తెగువనూ చూశారు, గునపం దెబ్బల్లో ఉన్న ప్రదర్శననూ చూశారు. సైన్యాన్ని ఎనిమిదేళ్లు కట్టి ఉంచడానికి రెండూ అవసరమే అని నాకనిపిస్తుంది.

ఇక్కడ లొంగిపోయిన బ్రిటిష్ సేనాని మనకు తెలిసిన కారన్‌వాలిసే. అయిదేళ్లకు గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, నిజాంను కలుపుకొని టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చేసి, 1792లో శ్రీరంగపట్నం ఒప్పందం రాయించింది ఆయనే.

బానిస పిల్లవాడి కళ్లతో జెఫర్సన్

ఐజాక్ 1775లో మాంటిచెల్లోలో పుట్టారు. జెఫర్సన్ గవర్నర్‌గా రిచ్‌మండ్‌కు వచ్చినప్పుడు తల్లిదండ్రులు ఉర్సులా, జార్జ్‌తో పాటు ఆ పిల్లవాడూ వచ్చాడు. 1847లో, కమ్మరి పనిచేసిన ముసలాయనగా పీటర్స్‌బర్గ్‌లో ఉన్నప్పుడు, చరిత్రకారుడు చార్ల్స్ క్యాంప్‌బెల్ ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు. అది పుస్తకంగా వచ్చింది 1951లో. ఒక్క పూటలో చదివేయొచ్చు.

ఆర్నాల్డ్ సైన్యం రిచ్‌మండ్‌లోకి వచ్చిన రోజు అందులో ఉంది. ఫిరంగి మోగిన పది నిమిషాల్లో ఊళ్లో తెల్లవాడన్నవాడు కనిపించలేదని ఐజాక్ చెప్తారు. డప్పులు కొట్టుకుంటూ సైన్యం వస్తుంటే తీర్పు రోజు వచ్చేసినట్టు అనిపించిందట. ఇంట్లో ఉండాలో బయటికి రావాలో తల్లికి తోచలేదు. అధికారి వచ్చి గవర్నర్ ఎక్కడ అన్నాడు. కొండల్లోకి వెళ్లారు అన్నాడు జార్జ్. తాళాలు ఏవి అంటే ఇచ్చాడు. వెండి సామాను ఏది అంటే, అదీ కొండల్లోకి పంపేశారు అన్నాడు. నిజానికి ఆ వెండి అంతా వంటింట్లో మంచం కింద పరుపు గలీబులో దాచింది జార్జే. సైనికులు వైన్ సీసాల మెడలు కత్తులతో ఎగరగొట్టి తాగారు. వెళ్తూ వెళ్తూ ఐజాక్ కుటుంబాన్ని తమతో తీసుకుపోయారు. అలా ఆ పిల్లవాడు యార్క్‌టౌన్ చేరాడు. మార్టిన్ కందకం తవ్వుతున్న గోడకు అవతలి వైపు ఉన్నాడన్నమాట.

ఈ రెండు పుస్తకాలూ వెంటవెంటనే చదవమనడానికి ఇదే కారణం. గోడకు ఇవతల మార్టిన్ చూసింది ఘోరం: మశూచి సోకిన నల్లజాతివారిని బ్రిటిష్ వాళ్లు బయటికి గెంటేస్తే, వాళ్లు అడవుల్లో చచ్చిపడి ఉన్నారు, చేతుల్లో నోళ్లలో కాలిన మొక్కజొన్న ముక్కలు. గోడకు అవతల జబ్బులతో చాలామంది నల్లవాళ్లు చనిపోయారని ఐజాక్ కూడా అంటారు. బ్రిటిష్ వాళ్లు తనను బాగానే చూశారని, తాజా మాంసం, గోధుమ రొట్టె పెట్టారని కూడా చెప్తారు. ముట్టడి ముగిశాక జెఫర్సన్ మనుషులను వాషింగ్టన్ వెనక్కి చేర్చారు. స్వేచ్ఛ కోసం జరిగిన యుద్ధం గెలిచిన చోటి నుంచి ఐజాక్ మళ్లీ బానిసగా ఇంటికి వెళ్లాడు. మార్టిన్ దళంలో కొందరు డబ్బుకు ఒప్పుకుని పారిపోయిన బానిసలను పట్టి యజమానికి అప్పగించారు. తన వాటాగా వచ్చిన 1200 కాగితపు డాలర్లతో ఒక సీసా రమ్ వచ్చిందని మార్టిన్ దాచకుండా రాసుకున్నారు. ఇద్దరు నాయకుల మధ్య ఎన్ని తేడాలున్నా ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకే గట్టున ఉన్నారు, అది వాళ్ల రాతల్లో కంటే ఇక్కడే స్పష్టంగా తెలుస్తుంది.

ఐజాక్ చెప్పిన ప్రతి వివరాన్నీ అక్షరసత్యంగా తీసుకోలేం. అయిదేళ్ల పిల్లవాడు చూసింది, అరవై ఏళ్లు దాటాక చెప్పింది. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరు మిగిలారు, ఎవరు వెళ్లిపోయారు అన్నదానికి మాత్రం ఆయనకంటే దగ్గరి సాక్షి దొరకడు.

మీకు ఏది సరిపోతుంది

ఒకే పుస్తకానికి టైముంటే మార్టిన్. ఇంగ్లీష్ తేలిక, కథ పరుగెడుతుంది, ఇంటర్ చదివే పిల్లలకూ ఇవ్వొచ్చు. ఒక్క సాయంత్రమే ఉంటే ఐజాక్. క్యాంప్‌బెల్ ఆయన మాట తీరును అలాగే ఉంచారు కాబట్టి మొదటి రెండు పేజీలు తడబడతారు. పైకి చదివితే అలవాటవుతుంది.

రాజ్యాంగం, చట్టాలు, ఫ్రెంచ్ విప్లవం మీద ఆసక్తి ఉంటే జెఫర్సన్. 1789 పారిస్ పేజీలు చాలా బాగుంటాయి. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, నిదానంగా చదవాలి. యుద్ధం కోసమే అయితే మాత్రం నిరాశ తప్పదు.

వాషింగ్టన్ తర్వాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఆత్మకథ అసంపూర్ణం, సొంత గొప్ప కాస్త ఎక్కువ. అయినా 1775లో వాషింగ్టన్‌ను సైన్యాధిపతిగా తాను సూచించిన రోజు కోసం ఆ పేజీలు చదవండి. తన పేరు వస్తున్నట్టు అర్థం కాగానే తలుపు దగ్గర కూర్చున్న వాషింగ్టన్ లేచి పక్క గదిలోకి వెళ్లిపోయారట. ఆ పదవి తనకే వస్తుందనుకున్న కాంగ్రెస్ అధ్యక్షుడు జాన్ హాన్‌కాక్ ముఖం మాడిపోయిందట.

హెన్రీ లీ 1812లో అచ్చు వేసిన దక్షిణాది యుద్ధ జ్ఞాపకాలు సైనిక చరిత్ర మీద నిజంగా పిచ్చి ఉన్నవాళ్లకే. ఆయన అశ్వికదళ నాయకుడు, వాషింగ్టన్ మనిషి. 1781 వర్జీనియా వైఫల్యానికి జెఫర్సన్‌ను గట్టిగా తప్పుపట్టారు, ఆ రాతలు జెఫర్సన్‌కు కోపం తెప్పించాయి. జెఫర్సన్ ఆత్మకథ పక్కన పెట్టుకుని చదివితేనే లీ పుస్తకం పనికొస్తుంది. ఒంటరిగా చదివితే మనసు ఒకవైపే వాలుతుంది.

వీటిలో చాలావరకు కాపీరైట్ కాలం దాటిన పాత రచనలు కాబట్టి ఇంటర్నెట్‌లో వెతికితే జెఫర్సన్, మార్టిన్ పాత ప్రతులు ఉచితంగా దొరుకుతాయి. మార్టిన్ పుస్తకం కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి: పిల్లల కోసం, స్కూళ్ల కోసం కుదించిన ఎడిషన్లు ఉన్నాయి, వాటిలో ఏ భాగాలు తీసేశారో ముందే చూడండి. వర్జీనియాలో ఉంటున్న మనవాళ్లు ఐజాక్ పుస్తకం చదివాకే మాంటిచెల్లో టికెట్ తీసుకోండి. వీలైతే ఆ వారాంతంలోనే యార్క్‌టౌన్ కూడా పెట్టుకోండి. కందకాల ఆనవాళ్లను అక్కడ నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లు జాగ్రత్తగా కాపాడుతున్నారు.